టవరు లేచింది, అద్దాలు ఎప్పుడు? – పాఠకుల ప్రశ్నలు, నిపుణుల జవాబులు

ఈ నెల వచ్చిన చాలా ఉత్తరాల్లో ఒకటే బాధ. స్లాబులన్నీ పడ్డాయి, లోపల టైల్స్ కూడా పరిచారు, బయటి అద్దాల గోడ మాత్రం తెమలడం లేదు. కోకాపేట, నార్సింగి, నానక్‌రాంగూడ వైపు నలభై యాభై అంతస్తుల్లో ఫ్లాట్లు కొన్నవాళ్లు ఎక్కువగా రాశారు. ఫసాడ్ (భవనం బయటి గోడ) డిజైను, సైటు పనులు, రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం) వ్యవహారాలు చూసే నిపుణులు ఇచ్చిన జవాబులివి.

ప్రశ్న: 44 అంతస్తుల టవర్లో మాది 19వ అంతస్తు. పొజెషన్ తేదీ దాటి ఐదు నెలలైంది. మూడు వైపులా అద్దాలు పూర్తయ్యాయి. వెనకవైపు మాత్రం కింది నుంచి పైదాకా ఒక నిలువు పట్టీ ఖాళీగా ఉంది, అక్కడక్కడా నీలం పట్టాలు కట్టారు. అడిగితే "గ్లాసు రాలేదండీ" అంటారు. నమ్మవచ్చా?
– ఒక పాఠకురాలు, నార్సింగి

జవాబు: ముందు ఆ పట్టీ ఎదురుగా ఇనుప మాస్టు ఉందేమో చూడండి. కూలీలను, టైల్స్ పెట్టెలను, సిమెంటు బస్తాలను పైకి చేర్చే బోను లాంటి లిఫ్టును సైట్లో హాయిస్టు అంటారు. ఆ బోను పాకే నిలువు స్తంభమే మాస్టు. అది ఇంకా నిలబడి ఉంటే, మీ టవర్లో అడ్డం గ్లాసు కాదు, హాయిస్టు.

మాస్టు ఊగకుండా కొన్ని అంతస్తులకొకసారి ఉక్కు చేతులతో స్లాబుకు కట్టేస్తారు, వీటిని టై అంటారు. ఆ చేతులు లోపలికి వచ్చేచోట అద్దం పెట్టలేరు. బోను తలుపు తెరుచుకునే చోటా పెట్టలేరు. అందుకే రెండు మూడు ప్యానెళ్ల వెడల్పున పైదాకా వదిలేస్తారు. హాయిస్టు దిగాలంటే భవనం సొంత సర్వీసు లిఫ్టు నడవాలి, ఫ్లాట్లలోకి పోవాల్సిన బరువు సామాను అంతా పోయి ఉండాలి. అంటే అద్దాలు ఆగిన అసలు కారణం లిఫ్టుల పనిలోనో టైల్స్ పనిలోనో ఉండవచ్చు. అద్దం బయటికి కనిపిస్తుంది కాబట్టి నెపం దాని మీద పడుతుంది.

ఇక ఆ పట్టీని మూయడమే ఒక ప్రత్యేకమైన పని. ఎత్తయిన టవర్లలో అద్దాన్ని, అల్యూమినియం ఫ్రేమును ఫ్యాక్టరీలోనే కలిపి ఒక్కో ప్యానెల్‌గా తెస్తారు. పక్కపక్క ప్యానెళ్ల నిలువు కడ్డీలు రెండు చేతుల వేళ్లు కలిపినట్టు ఒకదానిలో ఒకటి దూరతాయి. పై ప్యానెల్ అడుగు కింది ప్యానెల్ తల మీద కూర్చుంటుంది. అందుకే పని ఎప్పుడూ కింది నుంచి పైకే నడవాలి, మధ్యలో ఒకటి వదిలి పైకి పోవడం కుదరదు. హాయిస్టు పట్టీలో అటూ ఇటూ పాత ప్యానెళ్లు బిగిసి ఉంటాయి. ఆ రెంటి మధ్య కొత్తది పై నుంచి జారి దిగాలి. ఖాళీ 8 మి.మీ. తగ్గినా దిగదు, 8 మి.మీ. పెరిగితే గ్యాస్కెట్ (సందు మూసే రబ్బరు పట్టీ) పట్టదు. కాబట్టి జాగ్రత్తగల కాంట్రాక్టరు ప్రతి అంతస్తులో ఆ ఖాళీని విడివిడిగా కొలిచి, ఆ తర్వాతే ఈ ప్యానెళ్లు తయారు చేయిస్తాడు. ఆ కొలతలు ఆలస్యంగా తీసి ఉంటే "గ్లాసు రాలేదు" అన్న మాట ఒక లెక్కన నిజమే. తప్పు మాత్రం గ్లాసు ఫ్యాక్టరీది కాదు.

బరువు సంగతి కూడా చూడండి. ప్యానెల్ 1.5 మీటర్ల వెడల్పు, 3.6 మీటర్ల ఎత్తు అనుకుంటే 5.4 చదరపు మీటర్లు. గాజు ఒక్కో మిల్లీమీటరు మందానికి చదరపు మీటరుకు 2.5 కిలోలు తూగుతుంది. మధ్యలో ఖాళీ వదిలిన జంట అద్దంలో 6 మి.మీ. గాజులు రెండుంటే గాజు బరువే 162 కిలోలు. ఫ్రేముతో కలిపి 200 కిలోల దాకా వస్తుంది. ఇది ప్యాసింజర్ లిఫ్టులో పట్టదు, మెట్ల మీద మోయలేరు. టవర్ క్రేను, హాయిస్టు దిగిపోకముందే పట్టీకి కావలసిన ప్యానెళ్లన్నిటినీ ఏ అంతస్తువి ఆ అంతస్తులో పేర్చి పెట్టుకోవాలి. ఈ ఒక్క జాగ్రత్త మరిచి క్రేను దింపేసిన సైట్లలో వారాలు కాదు, నెలలు పోతాయి.

మీ టవరుకు లెక్క కడదాం. 44 అంతస్తులు, అంతస్తుకు 3 ప్యానెళ్లు, మొత్తం 132. పై అంతస్తు స్లాబు మీద చిన్న క్రేను పెట్టుకుని రోజుకు 4 నుంచి 6 బిగించగలరు. అంటే 22 నుంచి 33 పనిదినాలు. దానికి ముందు హాయిస్టు విప్పడానికి ఒకటి రెండు వారాలు, తర్వాత టై రంధ్రాల మరమ్మతు, సీలెంట్ (అతుకులు మూసే జిగురు), మంటల అడ్డు (స్లాబుకూ అద్దానికీ మధ్య సందు మూత), నీటి పరీక్ష. అన్నీ కలిసొస్తే రెండున్నర, మూడు నెలలు. కాబట్టి బిల్డరును గ్లాసు గురించి అడగకండి. సర్వీసు లిఫ్టు ఎప్పుడు నడుస్తుంది, హాయిస్టు ఏ తేదీన దిగుతుంది, ఆ 132 ప్యానెళ్లు ఇప్పుడు ఫ్యాక్టరీలో ఉన్నాయా, యార్డులో ఉన్నాయా, అంతస్తుల్లోకి చేరాయా, ఈ మూడూ అడిగి రాతపూర్వకంగా తీసుకోండి. మూడో ప్రశ్నకు తడబడితే మీ ఆలస్యం ఇంకా చాలా ఉందని అర్థం.

ప్రశ్న: మేం డాలస్‌లో ఉంటాం. హైదరాబాద్‌లో ఫ్లాటు బుక్ చేశాం. ఫసాడ్ 80 శాతం అయిందని నాలుగు నెలల క్రితం చెప్పారు. ఇప్పటికీ 80 శాతమే అంటున్నారు. మా నాన్నగారు వెళ్లి ఫొటోలు తీసి పంపుతారు. వాటిలో ఏం చూడాలి?
– ఒక పాఠకుడు, డాలస్

జవాబు: ఆ 80 శాతం దేనిలో అన్నది మొదటి ప్రశ్న. విస్తీర్ణంలో అయితే మిగిలిన 20 శాతమే అసలు కష్టం. మూలలు, హాయిస్టు పట్టీ, క్రేనును భవనానికి కట్టిన చోట్లు, టెర్రస్ పిట్టగోడ, కింద పోర్టికో మీద పెద్ద అద్దాలు, అన్నీ చివరికే మిగులుతాయి.

ఈ పని వేగం ఎప్పుడూ ఒకేలా ఉండదు. దుబాయ్ బుర్జ్ ఖలీఫాలో అద్దాల పని 2007 మేలో మొదలై 2009 సెప్టెంబరులో ముగిసింది. ప్యానెళ్లు 24 వేలకు పైనే. మొదట్లో రోజుకు 20 నుంచి 30 మాత్రమే పెట్టగలిగారు, చేయి తిరిగాక 175 దాకా వెళ్లారు. కాబట్టి "నెలకు ఇన్ని అంతస్తులు, ఇంకా ఇన్ని నెలలు" అని సూటిగా గుణించిన లెక్కలు మొదట్లోనూ తప్పుతాయి, చివర్లోనూ తప్పుతాయి.

సైట్లో ప్రతి ప్యానెల్‌కూ ఒక నంబరు ఉంటుంది. తూర్పు వైపు, 27వ అంతస్తు, 14వ ప్యానెల్ అనే తీరులో దాని మీద స్టిక్కరు అంటిస్తారు. ఆ నంబర్ల పట్టికలో గాజు వచ్చిందా, ఫ్రేములో బిగించారా, సిలికాన్ ఆరిందా, లారీ ఎక్కిందా, అంతస్తు చేరిందా, బిగించారా, సీలెంట్ పట్టారా, మంటల అడ్డు పెట్టారా, తనిఖీ అయిందా అని వరుసగా గడులుంటాయి. నాన్నగారిని శాతాలు అడగవద్దనండి, చివరి నాలుగు గడుల్లో ఎన్ని ప్యానెళ్లున్నాయో అంకెలు అడగమనండి. నెల తర్వాత అవే అంకెలు మళ్లీ అడిగితే పని నడుస్తోందో లేదో తేలిపోతుంది.

ఫొటోలు ప్రతి పదిహేను రోజులకూ ఒకే చోట నిలబడి, ఒకే వేళకు తీయమనండి. బయటి ఫొటో కన్నా లోపలి ఫొటో విలువైనది. మీ ఫ్లాట్లో నేల స్లాబు అంచుకూ అద్దం ఫ్రేముకూ మధ్య సందు ఉంటుంది. టార్చి వేసి ఆ సందును దగ్గరగా తీయమనండి. కింది అంతస్తు కనిపిస్తే పని కాలేదు. అక్కడ రాక్‌వూల్ (మంటలు అంటని రాతి నార) కుక్కి, కింద జింకు రేకు, పైన సీలెంట్ పొర కనిపిస్తే అయినట్టు.

ఇంకో సంగతి. కొనుగోలుదారుల డబ్బులో 70 శాతం విడి ఖాతాలో ఉంచాలని రెరా చట్టం చెబుతుంది. అందులోంచి తీయాలంటే పని ఎంత శాతం అయిందో ఇంజనీరు, ఆర్కిటెక్టు, చార్టర్డ్ అకౌంటెంట్ ధ్రువీకరించాలి. మూడు నెలలకోసారి ప్రాజెక్టు పురోగతిని రెరా వెబ్‌సైట్లో పెట్టాలి. మీకు నోటితో చెప్పిన శాతాన్ని అక్కడ పెట్టినదానితో పోల్చి చూడండి.

ప్రశ్న: 38 అంతస్తుల టవరుకు సైటు ఇంజనీరుగా చేస్తున్నాను. 17 నుంచి 24వ అంతస్తు దాకా స్లాబు అంచు డ్రాయింగు కన్నా 30 నుంచి 45 మి.మీ. బయటికి వచ్చింది. ప్యానెళ్లు తగిలించే బ్రాకెట్లు కూర్చోవని ఫసాడ్ కాంట్రాక్టరు పని ఆపేశాడు. సివిల్ వాళ్లు చిప్పింగ్ చేసేస్తాం, అంటే ఆ ఉబ్బిన కాంక్రీటు కొట్టేస్తామంటున్నారు. ఏం చేయాలి?
– సైటు ఇంజనీరు, గచ్చిబౌలి

జవాబు: చిప్పింగ్ మిషన్ ఇవాళే ఆపించండి. మీది పోస్ట్ టెన్షన్డ్ స్లాబ్ అయితే కేబుళ్ల లంగర్లు చాలావరకు ఆ అంచులోనే ఉంటాయి. సాగదీసి బిగించిన కేబుళ్లు అవి. లంగరు దగ్గర కాంక్రీటు ఊడితే ప్రాణాపాయం. మామూలు స్లాబ్ అయినా అంచు దగ్గర కమ్మీకి కవరు (కమ్మీని కప్పే కాంక్రీటు మందం) 20, 30 మి.మీ. మించి ఉండదు. 45 కొడితే కమ్మీ బయటపడుతుంది.

మొదటి పని సర్వే. ఎనిమిది అంతస్తుల్లోనూ ప్రతి బ్రాకెట్ స్థానంలో టోటల్ స్టేషన్ అనే సర్వే పరికరంతో మూడు కొలతలు తీయండి: లోపలికి బయటికి ఎంత, మట్టం ఎంత, పక్కకు ఎంత. పైన ఒక రెండు, కింద ఒక రెండు అంతస్తులు కూడా కలపండి. సివిల్, ఫసాడ్ ఇద్దరి ప్రతినిధులూ దాని మీద సంతకం పెట్టాలి. ఖర్చు ఎవరిదన్న తగువు తర్వాత ఎటు తిరిగినా ఈ కాగితమే మాట్లాడుతుంది.

రెండోది, అద్దాల గీతను మొత్తంగా జరపగలరేమో చూడండి. మామూలుగా బ్రాకెట్ లోపలికీ బయటికీ 25 మి.మీ. సర్దుకుంటుంది. గీతను 20 మి.మీ. బయటికి జరిపితే మీ 30–45 కాస్తా 10–25 అవుతుంది, సర్దుబాటు పరిధిలోకి వచ్చేస్తుంది. ఒక్క స్లాబు కూడా కొట్టనక్కర్లేదు. కానీ ఇంకోచోట స్లాబు ఇప్పటికే 10 మి.మీ. లోపలికి ఉంటే అక్కడ లోటు 30 అవుతుంది, పొడవు బ్రాకెట్ కావాలి. బ్రాకెట్ పొడవు పెరిగితే బోల్టుల మీద లాగుడు పెరుగుతుంది, ఆ లెక్క డిజైనరు చూసి సంతకం పెట్టాలి. కింది అంతస్తుల్లో ప్యానెళ్లు ఇప్పటికే బిగించి ఉంటే 20 మి.మీ. ఒక్కసారిగా జరపడం కుదరదు. అంతస్తుకు రెండు మూడు మిల్లీమీటర్ల చొప్పున జరుపుకుంటూ పోవాలి, ఎంతదాకా పోవచ్చో ప్యానెల్ కీలు ఒప్పుకునే వాలును బట్టి ఉంటుంది.

ఇవన్నీ అయ్యాక ఒకటి రెండు చోట్ల ఉబ్బు మిగిలితే, స్ట్రక్చరల్ కన్సల్టెంట్ రాసిచ్చిన చోట, రాసిచ్చిన లోతుకే, చేతి గ్రైండర్‌తో తీయించి పాలిమర్ మోర్టారుతో సరిచేయండి. కాంక్రీటు ఉబ్బినచోట బ్రాకెట్ బిగించడానికి ముందే పాతిన స్టీలు ఛానెల్ లోపలికి మునిగిపోయి ఉంటుంది. దాన్ని తవ్వి పైకి లాగాలని చూడవద్దు. స్కానర్‌తో కమ్మీలు, కేబుళ్లు ఎక్కడున్నాయో గుర్తు పెట్టుకుని, అంచు నుంచి తగిన దూరంలో కొత్త యాంకర్లు (కాంక్రీటులో పాతే బోల్టులు) వేసి, కొన్నిటికి పుల్లౌట్ పరీక్ష, అంటే లాగి చూసే పరీక్ష చేయించండి.

25వ అంతస్తు నుంచైనా అంచు షట్టరుకు (కాంక్రీటు పోసే అచ్చు పలకకు) లోపలి నుంచి గట్టి కట్లు కట్టించండి. కాంక్రీటు పోసేటప్పుడు అంచు పలక వంగడమే సాధారణంగా ఈ ఉబ్బుకు మూలం. షట్టరు విప్పిన వారంలోపే అంచు సర్వే ఫసాడ్ వాళ్ల చేతికి అందాలి. 17వ అంతస్తులో వచ్చిన తప్పు 18లో తెలిసి ఉంటే మిగతా ఏడు అంతస్తులు బతికేవి.

ప్రశ్న: వర్షాల వల్ల నాలుగు నెలలు అద్దాల పని జరగలేదని బిల్డరు ఉత్తరం పంపాడు. ఒప్పుకోవచ్చా?
– ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: కొంతే నిజం. తడిగోడ మీద సీలెంట్ పట్టదు, అది సరే. నిజానికి వాన కన్నా ఆషాఢం గాలులు ఎక్కువ ఇబ్బంది. గాలి సెకనుకు 10 మీటర్లు దాటితే సాధారణంగా ప్యానెళ్లు ఎత్తడం ఆపేస్తారు, ఆపాలి కూడా. అయితే క్రేను మీద గాలి మీటరు ఉంటుంది, దాని రికార్డు అడగండి, ఎన్ని రోజులు ఆగిందో తేలుతుంది. నాలుగు నెలలు ఏకధాటిగా గాలి వీయదు. ఆగిన రోజుల్లో లోపలి నుంచి చేసే బ్రాకెట్ల సర్దుబాటు, మంటల అడ్డు పనులు సాగాలి. సాగలేదంటే వాన ఒక సాకు.

ప్రశ్న: మా భవనంలో 22వ అంతస్తు అద్దం ఒకటి ఎవరూ తాకకుండానే రాత్రిపూట పగిలి రాలింది. అక్కడ ప్లైవుడ్ కొట్టి మూడు నెలలైంది. ఒక్క అద్దానికి ఇన్నాళ్లా? మిగతావి కూడా ఇలాగే పగులుతాయా?
– నివాసుల సంఘం సభ్యుడు, విశాఖపట్నం

జవాబు: రాలిన ముక్కలు ఎలా ఉన్నాయన్నది ముఖ్యం. పటికబెల్లం పలుకుల్లా చిన్నచిన్నగా ఉంటే అది టఫెండ్ (కాచి చల్లార్చి గట్టిపరిచిన) గాజు. గాజు తయారీలో నికెల్ సల్ఫైడ్ అనే సూక్ష్మమైన రవ్వ లోపల చిక్కుకుంటే, అది ఏళ్ల తరబడి మెల్లగా ఉబ్బుతూ ఒక రోజు గాజును లోపలి నుంచి పగలగొడుతుంది. ఎండ, గాలి, రాయి, ఏదీ అక్కర్లేదు. అద్దం ఫ్రేములోనే నిలిచి ఉంటే పగులు మొదలైన చోట రెండు పెద్ద ముక్కలు సీతాకోకచిలుక రెక్కల్లా ఎదురెదురుగా కనిపిస్తాయి. మళ్లీ ఇలా జరిగితే ముక్కలు ఊడ్చేముందు ఫొటో తీయించండి. అలాకాక, ఫ్రేము అంచు నుంచి దానికి లంబంగా బయల్దేరిన ఒంటి పగులు అయితే అది ఎండ వేడి తేడాకు వచ్చింది, కారణం వేరు, మందు వేరు.

నికెల్ సల్ఫైడ్ రవ్వలున్న గాజును ఫ్యాక్టరీలోనే పట్టుకోవడానికి హీట్ సోక్ పరీక్ష ఉంది. గాజును ఓవెన్‌లో 260 నుంచి 290 డిగ్రీల దాకా కాచి, కొన్ని గంటలు ఉంచితే పగలాల్సినవి దాదాపు అక్కడే పగిలిపోతాయి. మీ భవనం గాజుకు ఈ పరీక్ష జరిగిందా, ఏ బ్యాచ్‌కు జరిగింది, ఆ సర్టిఫికెట్లు సంఘం దగ్గర ఉండాలి. లేకపోతే బిల్డరు నుంచి తెప్పించుకోండి. జరిగి ఉంటే మిగతావి పగిలే అవకాశం చాలా తక్కువ. జరగలేదని తేలితే, ఫుట్‌పాత్, పిల్లల ఆటస్థలం, ప్రవేశద్వారం మీద పడే వైపు కింద కప్పు గానీ కంచె గానీ ముందు వేయించండి, వాదన తర్వాత.

మూడు నెలలు ఎందుకంటే, మీ అద్దం బజార్లో దొరికే అద్దం కాదు. వేడిని ఆపే పూత ఫ్యాక్టరీలో ఆర్డరు మీద పడుతుంది. ఆ గాజును మీ కొలతకు కోసి, టఫెన్ చేసి, జంట అద్దంగా కట్టాలి. వేరే బ్యాచ్ పూత వస్తే కింది నుంచి చూసినప్పుడు ఆ ఒక్క అద్దం వేరే రంగులో మెరుస్తుంది. బిగించడానికి పై నుంచి దిగే తొట్టి కావాలి, అతికించిన సిలికాన్ గట్టిపడేదాకా రెండు మూడు వారాలు క్లిప్పులు ఉంచాలి. అందుకే కట్టేటప్పుడే నూటికి ఒకటి రెండు చొప్పున అదనపు అద్దాలు ఒకే బ్యాచ్‌లో చేయించి బేస్‌మెంట్లో నిల్వ పెట్టాలి. మీకు ఉన్నాయేమో వెతికించండి. కొన్ని భవనాల్లో ఉండి కూడా ఎవరికీ తెలియదు.

ప్లైవుడ్ తాత్కాలికమే అయినా తేలిగ్గా తీసుకోకండి. అమెరికాలోని బోస్టన్‌లో 60 అంతస్తుల జాన్ హాంకాక్ టవరు కడుతుండగా 1973 జనవరి గాలివానకు అద్దాలు ఊడిపడ్డాయి. ఒక్కోటి సుమారు 225 కిలోలు. నెలల తరబడి ప్లైవుడ్ పలకలతో నిలబడింది ఆ భవనం. చివరికి 10,344 అద్దాలూ మార్చి, 1976లో తెరిచారు. తప్పు గాలిది కాదు. జంట అద్దం అంచును కలిపిన సీసపు అతుకు మరీ బిగుసుగా ఉండటంతో, రోజూ వచ్చే వేడికీ గాలికీ అతుకు సాగలేక పగులు గాజుకు పాకింది. ఒకటి రెండు పగిలినప్పుడే కారణం తేల్చడం ఎంత అవసరమో దీన్నిబట్టి చూడండి.

విశాఖ విషయంలో ఇంకొకటి తప్పక చెప్పాలి. భవనాల మీద పడే బరువుల లెక్కకు వాడే భారతీయ ప్రమాణం ఐఎస్ 875 ప్రకారం హైదరాబాద్‌కు లెక్కలోకి తీసుకునే గాలి వేగం సెకనుకు 44 మీటర్లు, విశాఖకు 50. ఒత్తిడి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి మీ అద్దం మీద దాదాపు 29 శాతం ఎక్కువ బరువు పడుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మీ ఊరి అద్దాలను ఏం చేసిందో మీకే తెలుసు. మార్చే అద్దం మందం పాతదానికి తగ్గకూడదు. బోల్టులు, స్క్రూలు 316 గ్రేడు స్టెయిన్‌లెస్ స్టీలే అయి ఉండాలి, ఉప్పుగాలికి మామూలువి తుప్పు పడతాయి.

ప్రశ్న: అద్దాల కాంట్రాక్టరు సగంలో వెళ్లిపోయాడు. కొత్తవాళ్లు వచ్చి మూడు నెలలైనా ఒక్క ప్యానెల్ పెట్టలేదు. బ్రాకెట్లు ఎలాగూ ఉన్నాయి, తగిలించడమేగా?
– కొనుగోలుదారుల సంఘం కార్యదర్శి, మియాపూర్

జవాబు: చొక్కా గుండీ లాంటిది కాదండీ ఇది. బ్రాకెట్ కొక్కెం, ప్యానెల్ కొక్కెం ఒకే కంపెనీ డిజైనులో కలుస్తాయి. అల్యూమినియం కడ్డీ ఆకారం పోసే అచ్చులు చాలాసార్లు పాత కంపెనీ సొత్తుగా ఉంటాయి. అచ్చులు, డ్రాయింగులు బిల్డరు డబ్బు కట్టి తన పేర రాయించుకుని ఉంటే కొత్తవాళ్లు అక్కడి నుంచే ఎత్తుకోవచ్చు. లేకపోతే కొత్త అచ్చులు, కొత్త కడ్డీలు, రంగు, మళ్లీ నమూనా గోడ కట్టి ల్యాబులో గాలి, నీరు, కదలిక పరీక్షలు. దానికే ఐదారు నెలలు పట్టడం మామూలు.

బుర్జ్ ఖలీఫాకే ఇది తప్పలేదు. అద్దాల పని ఒప్పుకున్న స్విట్జర్లాండ్ కంపెనీ 2006లో దివాలా తీసింది. ఫార్ ఈస్ట్ అల్యూమినియం, అరేబియన్ అల్యూమినియం కలిసి పని అందుకున్నాయి. అద్దాలు ఎక్కడం మొదలైంది 2007 మేలో.

మీరు పట్టించుకోవాల్సింది రెండు. పాత ప్యానెళ్లు, కొత్త ప్యానెళ్లు కలిసే గీత దగ్గరే నీళ్లు కారే భయం ఎక్కువ. ఆ కలయిక డ్రాయింగును, దాని నీటి పరీక్షను ప్రత్యేకంగా అడగండి. వారంటీ ఆ గీతకు ఇరువైపులా ఎవరిదో రాయించుకోండి. రెండోది, యార్డులో నెలలుగా ఎండకూ వానకూ నిలబెట్టిన పాత ప్యానెళ్లు. జంట అద్దం అడుగు అంచు నీళ్లలో నానితే దాని సీలు దెబ్బతిని, ఏడాది రెండేళ్లలో రెండు గాజుల మధ్య ఆవిరి పడుతుంది, బయటి నుంచి ఎంత తుడిచినా పోదు. అవి వాడే ముందు కొన్నిటిని ఎంచి సిలికాన్ పట్టు పరీక్ష చేయించమనండి.

ప్రశ్న: గడువు దాటి తొమ్మిది నెలలు. "హాల్ వైపు అద్దాలు తర్వాత పెడతాం, ఈలోపు తాళాలు తీసుకుని ఇంటీరియర్ మొదలుపెట్టుకోండి" అంటున్నారు. తీసుకోమంటారా? వడ్డీ వస్తుందా?
– ఒక పాఠకురాలు, మణికొండ

జవాబు: పొజెషన్ తీసుకున్నట్టు ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (భవనంలో ఉండవచ్చన్న అధికారిక పత్రం) లేని తాళాలు పొజెషన్ కాదు. ఆ సర్టిఫికెట్ వచ్చాక పొజెషన్ తీసుకోవడానికి మీకు రెండు నెలల వ్యవధి ఉంటుంది.

రెరా చట్టం 18వ సెక్షన్ ప్రకారం ఆలస్యమైతే మీకు రెండు దారులు. ప్రాజెక్టు నుంచి తప్పుకుని డబ్బు వడ్డీతో వెనక్కి అడగవచ్చు. ఉండదలచుకుంటే పొజెషన్ ఇచ్చేదాకా ప్రతి నెలకూ వడ్డీ రావాలి. తెలంగాణ నిబంధనల్లో ఆ రేటు స్టేట్ బ్యాంకు అత్యధిక ఎంసీఎల్ఆర్‌కు (బ్యాంకు అప్పులిచ్చే మూల వడ్డీ రేటుకు) మరో 2 శాతం. ఆ మొత్తం 11 శాతం అనుకుంటే, 1 కోటి 20 లక్షలు కట్టినవారికి నెలకు 1 లక్షా 10 వేలు. యుద్ధం, వరద, కరువు, అగ్నిప్రమాదం, తుపాను, భూకంపం లేదా ఇతర ప్రకృతి విపత్తులకే చట్టంలో మినహాయింపు. గ్లాసు రాకపోవడం, కాంట్రాక్టరు పారిపోవడం ఆ జాబితాలో లేవు. సహేతుక కారణం చూపితే రెరా మొత్తం మీద ఏడాదికి మించకుండా రిజిస్ట్రేషన్ పొడిగించవచ్చు. అయితే మీ అగ్రిమెంటులోని తేదీ దానంతటది మారదు.

ఇంటీరియర్ విషయంలో మా సలహా గట్టిది. నీటి పరీక్ష కానిదే అద్దాల గోడ నుంచి మీటరు దూరంలోపు చెక్క ఫ్లోరింగు, ఫాల్స్ సీలింగు, అల్మరా ఏదీ పెట్టించవద్దు. నష్టం ఒక్క నీళ్ల వల్లే కాదు. స్లాబు అంచుకూ అద్దానికీ మధ్య సందును స్లాబుకు సమానంగా మంటలు ఆపగల పదార్థంతో మూయాలని 2016 జాతీయ భవన నియమావళి చెబుతుంది. లేకపోతే కింది ఫ్లాటు పొగ ఆ సందులోంచి మీ ఇంట్లోకి వస్తుంది. సీలింగు కట్టేస్తే ఆ సందు ఇక ఎవరికీ కనిపించదు. ప్రతి అంతస్తులోనూ గోడ పొడవున 10 మీటర్లకు మించకుండా, మీటరుకు మీటరు తక్కువ కాకుండా బయటికి తెరుచుకునే అగ్నిమాపక ప్యానెళ్లు కూడా ఉండాలి. మీ హాల్లో అలాంటిది ఉంటే దానికి అడ్డంగా సోఫా యూనిట్ గీసిన డిజైనరుకు ఇప్పుడే చెప్పండి.

ప్రశ్న: హ్యాండోవర్‌కు పిలిచారు. అద్దాలు నీళ్లు కారుతాయో లేదో మనమే ఎలా చూసుకోవాలి?
– ఒక పాఠకుడు, తెల్లాపూర్

జవాబు: బకెట్టుతో నీళ్లు చల్లి చూపిస్తే ఒప్పుకోకండి. సైట్లో చేసే పరీక్షకు పద్ధతి ఉంది. ప్రత్యేక నాజిల్, దాని దగ్గర 30 నుంచి 35 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) ఒత్తిడి చూపే మీటరు ఉండాలి. నాజిల్‌ను అతుకుకు 30 సెం.మీ. దూరంలో పట్టుకుని, మీటరున్నర పొడవు అతుకు మీద ఐదు నిమిషాలు అటూ ఇటూ తిప్పాలి. కింది అడ్డ అతుకుతో మొదలుపెట్టి పైకి వెళ్లాలి. పై నుంచి మొదలుపెడితే నీళ్లు కిందికి జారి, లోపం ఎక్కడో తెలియదు. ఇది కదలని అద్దాలకే. తెరుచుకునే కిటికీలకు వేరే పరీక్ష అడగండి.

ఆ ఐదు నిమిషాలూ ఒకరు లోపల టార్చితో ఉండాలి. చూడాల్సినవి ఫ్రేము మూలలు, నిలువు అడ్డ కడ్డీలు కలిసేచోట్లు, బ్రాకెట్ మీది సందు. తడి కనిపిస్తే ఆరనిచ్చి, అతుకులన్నీ టేపుతో మూసి, ఒక్కోటీ విప్పుతూ మళ్లీ కొట్టించాలి. అప్పుడే దొంగ దొరుకుతాడు. కనిపించినచోటల్లా సీలెంట్ పూసి వెళ్లిపోతే లోపం లోపలే ఉండిపోతుంది. పొజెషన్ తర్వాత ఐదేళ్ల లోపు బయటపడే పనితనపు లోపాలను తెలియజేసిన 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాలని రెరా 14వ సెక్షన్ చెబుతుంది, కాబట్టి పరీక్ష తేదీతో ఫొటోలు దాచుకోండి.

చివరగా బయటి నుంచి ఫ్రేము అడుగు కడ్డీని చూడండి. సన్నని గాడులు గానీ రంధ్రాలు గానీ ఉంటాయి. ఫ్రేము లోపలికి కొంచెం నీరు రావడం డిజైనులో భాగమే, అది బయటికి పోయే దారులవి. హడావిడిలో సీలెంట్ పనివాళ్లు వాటిని కూడా పూడ్చేస్తుంటారు. అప్పుడు నీళ్లు ఫ్రేములో నిండి ఇంట్లోకి పొంగుతాయి, అతుకులన్నీ బాగానే ఉన్నా సరే. పూడి ఉంటే మీ ఎదుటే బ్లేడుతో తెరిపించి, ఆ తర్వాతే నీటి పరీక్ష మొదలుపెట్టించండి.